వరసలో ఒక బిందె ఎక్కువ

నల్లా దగ్గర ఒక బిందె ఎక్కువైందని మా కాంపౌండ్‌లోనే ఉండే పర్వతాలు మా ఆవిడతో అందట. తను చూశానని మాత్రం అనలేదట. మూడో వాటాలో ఉండే ఏసురత్నం పెళ్ళాం చూసిందనీ, చూసి రెండుసార్లు లెక్కపెట్టిందనీ, ఇళ్ళు ఏడైతే బిందెలు ఎనిమిది తేలాయనీ చెప్పిందట. చెప్పాల్సింది చెప్పేసి, గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి తిరిగి, "నాకెందుకక్కా గని, గా బిందె మీ దాని ముంగటనే ఉన్నదట. మీకే ఎరుకుండాలె" అని ఒక మాట విసిరి పోయిందట.

నేను డ్యూటీ నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాక మా ఆవిడ సీతామహాలక్ష్మి ఇదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. మజ్జిగ గరిటె చేతిలో పట్టుకుని వంటింటి అటక వంక చూస్తూ నిలబడింది.

పర్వతాలు నోటికి తాళం లేదులే, ఊరుకో అన్నాను. అన్నాక కంచం పక్కకి జరిపి లేచాను.

అది రెండువేల మూడు, మే నెల. పద్మారావు నగర్‌లో మేముండే కాంపౌండ్‌లో ఎనిమిది వాటాలు, ఒకటే నల్లా. ఏడాదిగా బిందె పెట్టేది ఏడిళ్ళే. గేటు పక్కన మోకాటి లోతు గుంట తవ్వి, అందులోకి పైపు దించారు. అంత కిందికి దిగితే తప్ప నీళ్ళు ఎక్కేవి కావు. రోజు విడిచి రోజు, మిట్టమధ్యాహ్నం రెండింటికి వచ్చి రెండూ నలభైకి ఆగిపోయేవి. స్నానాలకీ బట్టలకీ వీధి చివర ట్యాంకరు దగ్గర కొట్టుకునేవాళ్ళం. తాగడానికీ వండడానికీ ఈ నల్లానే దిక్కు. చలికాలంలో ఇంటికి నాలుగైదు బిందెలు దక్కేవి. మే వచ్చేసరికి ఇంటికి ఒక్కటి. ఆ ఒక్కటీ ఆఖరి వాటా అయిన మా దాకా వచ్చేసరికి ధార దారంలా అయిపోయేది.

మా దగ్గర ఒక పద్ధతుంది. వాటాల వరసే బిందెల వరస. పన్నెండు గంటలకల్లా ఎవరి బిందె వాళ్ళు సిమెంటు బాట మీద వరసగా పెట్టి, ఎండ తట్టుకోలేక లోపలికి పోతారు. రెండు గంటల పాటు అక్కడ మనుషులుండరు, బిందెలే ఉంటాయి. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఒకప్పుడు ఖాళీ బిందెలు పక్కకి నెట్టి తలలు పగలగొట్టుకున్నారట. అప్పుడు ఏసురత్నం అందరినీ కూర్చోబెట్టి ఒక కట్టు పెట్టాడు. ఆటో తోలే మనిషే గానీ కాంపౌండ్‌లో అతని మాటే చెల్లుతుంది. మనిషి సమయానికి రాకపోతే, వెనకవాళ్ళు ముందు ఆ బిందె నింపాలి. నింపి జరపాలి. ఖాళీ బిందెని జరిపినవాళ్ళకి ఆ రోజు నీళ్ళు లేవు. ఈ కట్టుని ఎవరూ దాటలేదు. దాటనక్కర లేకుండానే మేం చేసింది వేరే ఉంది.

ఆ రోజు రెండింటికి బయటికెళ్ళి చూశాను. పర్వతాలు చెప్పింది నిజమే. మా బిందెకి ముందు, ఆరో వాటా బిందెకి వెనక, ఒక పాత స్టీలు బిందె ఉంది. మెడకి ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు. కడుపు దగ్గర అరచేయంత సొట్ట. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు. నేను వంగి చదవలేదు. చదవనక్కర్లేదు. ఆ పేరు కాంతమణి. మా పక్కవాటాలో ఉండే జకర్యా మాస్టారి భార్య. చనిపోయి ఏడాది కావస్తోంది.

అందరూ ఆ బిందెని చూశారు. చూసి ఆకాశం వంక చూశారు. బేగంపేటలో దిగబోయే విమానం ఒకటి చాలా కిందుగా పోతోంది. అదేదో ఎప్పుడూ చూడనట్టు తలలెత్తి చూశారు. మాస్టారి కూతురు డోరా మళ్ళీ వరసలోకి వచ్చినట్టుందని ఎవరో గొణిగారు. 

నల్లా బుసకొట్టింది, నీళ్ళొచ్చాయి. ఆరు బిందెలు నిండాయి. ఏడో బిందెకి మనిషి లేడు కాబట్టి, వెనకవాణ్ణి నేనే కాబట్టి, కట్టు ప్రకారం నేనే దాన్ని ధార కింద పెట్టాలి. పెట్టాను. చేతికి చల్లగా తగిలింది. రెండు గంటలు ఎండలో ఉన్న స్టీలు చల్లగా ఎందుకుంటుందో నాకు తెలీదు.

బిందె నిండే చప్పుడు మీకు తెలిసే ఉంటుంది. మొదట బొంగురుగా ఉంటుంది. నిండేకొద్దీ సన్నబడుతుంది. మెడ దగ్గరకొచ్చేసరికి ఈల వేసినట్టు మోగుతుంది. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు కూడా చెవితోనే చెప్పేస్తారు ఎవరిది ఎంతవరకు వచ్చిందో. ఈ బిందె చప్పుడు బొంగురుగా మొదలైంది, బొంగురుగానే ఉండిపోయింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. నేను గుంటలో వంగి చూశాను. అడుగు తడిసింది, అంతే. బిందెకి చిల్లు లేదు. గుంటలో చెమ్మ లేదు. నీళ్ళు పోతున్నాయి, ఎటు పోతున్నాయో తెలియడం లేదు. రెండూ నలభైకి నల్లా ఆగింది. మా బిందె ఖాళీ.

ఇంట్లో మా అమ్మాయి బాలింత. పుట్టి ఇరవై రోజులైన మనవరాలు ఒళ్ళంతా చెమటకాయలు పేలి ఏడుస్తోంది. ఖాళీ బిందెతో లోపలికి వెళ్ళేసరికి అమ్మాయి, తల్లి మొహం చూసి, నా మొహం చూసి, పిల్లని అటు తిప్పుకుని పడుకుంది. పిల్ల మాత్రం మెడ తిప్పి అటక వైపే చూస్తోంది. ఆ వయసు పిల్లలకి చూపు ఆనదంటారు.

ఇంతకీ అటక మీద ఏముందో చెప్పాలి.

అంతకుముందేడు మే ఇరవయ్యో తారీఖు. ఆ రోజు నల్లా రెండింటికి రాలేదు. రెండున్నరకీ రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియక అందరం బిందెల పక్కనే నిలబడ్డాం. కాంతమణి గారు గోడకి ఆనుకుని కూర్చుంది. నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిల్లలందరికీ బిస్కెట్లు పంచేది. తల మీద కొంగు కప్పుకుని, ఎవరన్నా కాసిని మంచినీళ్ళిస్తారా అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. కానీ అందరం విన్నాం. ఎవరింట్లో నీళ్ళు వాళ్ళకి అడుగంటి ఉన్నాయి. ఇగ వస్తది నల్లా, జెర ఆగమ్మా అన్నారెవరో. అది సబబుగానే తోచింది అందరికీ. అయిదు నిమిషాల్లో బిందెలకి బిందెలు వస్తుంటే గ్లాసు నీళ్ళ కోసం ఎవరు లోపలికి పోతారు? పోతే వరస పోతుందేమోనన్న భయం ఒకటి.

మూడింటికి నల్లా వచ్చింది. అందరం అటు తిరిగాం. ఆవిడ వంతు వచ్చేసరికి గోడ పక్కన ఒరిగి ఉంది. కునుకు తీస్తోందనుకున్నాం. మా ఆవిడ కట్టు ప్రకారం ఆవిడ బిందె నింపి పక్కకి జరిపింది. తర్వాత మాది నింపింది. అప్పుడు పర్వతాలు వెళ్ళి భుజం తట్టి కేకపెట్టింది. మొహం మీద కొట్టడానికి నీళ్ళు నీళ్ళు అని అరిచింది. అప్పటికే మాదీ ఆవిడదీ తప్ప అందరి బిందెలూ ఇళ్ళల్లోకి చేరిపోయాయి. ఎవరో ఒకరు తెస్తారని అందరూ అనుకున్నారు. ఏసురత్నం ఆటో స్టార్ట్ చేశాడు. మాస్టారూ డోరా ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళారు. దారిలోనే ప్రాణం పోయిందని సాయంత్రం తెలిసింది.

ఆ గందరగోళంలో మా బిందె ఇంట్లో పెట్టి వచ్చాను. నిండు బిందె బాట మీద ఉంటే ఎవరన్నా ఎత్తుకుపోతారు, తరవాత ఇద్దాంలే అని ఆవిడ బిందె కూడా లోపల పెట్టాను. నిజంగా అలాగే అనుకున్నాను. మర్నాడు మట్టి చేసి వచ్చాం. ఆ మర్నాటికి మా బిందె ఖాళీ అయింది. కాంతమణి గారి బిందెలో మొదట చెంబు ముంచింది నేనో మా ఆవిడో ఇప్పటికీ తేలలేదు. ముంచడమైతే ముంచాం. తాగాం. చల్లగా ఉన్నాయి కూడా.

ఖాళీ బిందె ఇవ్వడమెలా? నింపి ఇద్దామంటే మళ్ళీ నల్లా రావాలి, వస్తే అది మాకే చాలలేదు. వారం దాటాక ఇస్తే ఇన్నాళ్ళూ ఎందుకుంచుకున్నారంటారు. నెల దాటాక ఇస్తే దొంగలంటారు. చివరికి గోనెసంచిలో పెట్టి, మూతికి తాడు కట్టి, అటక ఎక్కించాను. అక్కడ ఉందన్న సంగతి మా ఇద్దరికే తెలుసు. డోరా ఆ తర్వాత నల్లా దగ్గరికి రాలేదు. తను చదువు చెప్పే స్కూల్లో బోరుంది. స్కూటీ మీద రెండు క్యాన్లు తెచ్చుకుంటుంది. మా ముందు నుంచే వెళుతుంది. పలకరించదు. పలకరించే మొహం మాకూ లేదు.

ఆ సాయంత్రం స్టూలు వేసుకుని అటక ఎక్కాను. సంచి ఉంది. నేను వేసిన ముడి నేను వేసినట్టే ఉంది. విప్పాను. బిందె ఉంది. బల్లి గుడ్డు పెంకులు, ఏడాది దుమ్ము. బిందె లోపల చుక్క లేదు. కానీ సంచి అడుగు తడిగా ఉంది. పైకప్పు నిప్పులు చెరిగే ఆ అటక మీద, గోనె తడిగా ఉంది.

మా ఆవిడ కింద నుంచి ఉందా అని అడిగింది. ఉందన్నాను.  తడి సంగతి చెప్పలేదు.

మళ్ళీ నల్లా వచ్చే రోజు బిందె ఒక ఇల్లు ముందుకి జరిగింది. ఆరో వాటా ముందు నిలబడింది. ఆ రోజు ఆరో వాటా వాళ్ళకీ మాకూ నీళ్ళు లేవు. ఆ పైసారి అయిదో వాటా ముందు. పన్నెండింటికి పెట్టినప్పుడు ఏడు. ఒంటిగంటకి తొంగి చూస్తే ఎనిమిది. ఎవరు తెస్తున్నారో ఎవరూ చూడలేదు. నల్లా ఆగాక ఎవరు తీసుకెళుతున్నారో అదీ చూడలేదు. ఒకసారి చూసి తల తిప్పితే ఉండదు. సిమెంటు మీద గుండ్రంగా తడి మాత్రం మిగులుతుంది, అదీ అరనిమిషం.

నేను బేగంపేటలో ఒక హోటల్లో సామాన్ల గది చూసుకుంటాను. తెల్లవారుజామున వెళ్ళి ఒంటిగంటన్నరకి ఇల్లు చేరతాను. అక్కడ పచ్చిక మీద పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లుతారు. గేటు దగ్గర సంచులు వెతుకుతారు గానీ అన్నం క్యారియర్ మూత తీయించరు. అడుగు గిన్నె నిండా నీళ్ళు పోసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కుదుపు కుదుపుకీ రెండు చేతులా పట్టుకుని తెచ్చేవాణ్ణి. పిల్లకి గుడ్డ తడిపి తుడవడానికి, అమ్మాయికి కాచి ఇవ్వడానికి అవే. ఈ సంగతి కాంపౌండ్‌లో ఎవరికీ చెప్పలేదు. చెబితే గ్లాసు పట్టుకుని వస్తారు.

ఏసురత్నం రెండిళ్ళ వాళ్ళు గొడవ పెట్టేదాకా ఆగి, ఒకరోజు అందరినీ గేటు దగ్గరికి పిలిచాడు. డోరా వాళ్ళని పిలవలేదు. బిందె ఎవరిదో అందరికీ తెలుసుననీ, పేరు తీసి మాట్లాడటం తనకి ఇష్టం లేదనీ అన్నాడు. చచ్చినామె పేరు పెట్టుకుని ఎవరో ఆట ఆడుతున్నారన్నాడు. అతని మాటల్లో నాకు గుచ్చుకున్నది ఒక్కటే. "ఎవరు పెడుతున్నరో దొరకాలె. దొరికినోళ్ళకు ఈ కాంపౌండ్ల నల్లా బంద్. పిల్లలున్నా సరే, ముసలోళ్ళున్నా సరే. ఒప్పుకుంటున్నరా?"

ఏడిళ్ళ వాళ్ళం ఒప్పుకున్నాం. నేను అందరికంటే ముందు తల ఊపాను.

ఆ రాత్రి మా ఆవిడ నెమ్మదిగా మొదలెట్టింది. ఇచ్చేద్దామండీ, మన తప్పు మనం ఒప్పుకుందాం అంది. నింపింది నువ్వేగా అన్నాను. తెచ్చింది మీరేగా అంది. ఇప్పుడిస్తే రోజూ మనమే పెడుతున్నామంటారు, అటక మీద నుంచి అదంతట అదే దిగివస్తోందంటే నమ్మేదెవరు, నల్లా ఆపేస్తే పిల్లకి ఏం పోస్తావు అని అడిగాను.  అలా ఆమె నోరు మూయించినందుకు అప్పుడు కాస్త ధైర్యంగా అనిపించింది కూడా.

బిందె మూడో వాటా ముందుకి రావాల్సిన రోజున నేను సెలవు పెట్టాను. పొద్దున్నే అటక మీద నుంచి సంచి దించి, బట్టల ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. పన్నెండింటికి పెట్టె మీద కూర్చున్నాను. అమ్మాయి చూసి ఏంటి నాన్నా అంటే నడుం నొప్పి, ఎత్తుగా ఉంటే బాగుంటుందన్నాను. బయట ఎండ పెళపెళలాడుతోంది. ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది. పన్నెండున్నరకి కింద పెట్టె చల్లబడటం తెలిసింది. లుంగీ గుడ్డలోంచి తొడలకి తెలిసింది. ఏటి గట్టున రాయి మీద కూర్చున్నట్టుంది. నేను లేవలేదు. ఏదీ కదల్లేదు. చప్పుడు లేదు. అంతవరకూ చెమటకాయలతో ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపేసింది.

అప్పుడే వాకిట్లో పర్వతాలు గొంతు వినపడింది. ఇగో మళ్ళ వచ్చిందని చెబుతోంది ఎవరికో.

లేచి తాళం తీశాను. సంచి నిలబడే ఉంది, గుండ్రంగా, కడుపు ఉబ్బి, అచ్చం లోపల బిందె ఉన్నట్టే. మూతికి నా ముడి. అమ్మయ్య అనుకుని చెయ్యి వేశాను. చేతి కింద సంచి మెల్లగా కూలిపోయింది. లోపల ఏమీ లేదు. నా చెయ్యి మణికట్టు దాకా తడిసింది.

సాయంత్రానికి బిందె మళ్ళీ సంచిలో ఉంది. ముడి వేసే ఉంది.

అమ్మాయి ఆ రోజు తల్లిని నిలదీసిందట. ఏం దాస్తున్నారు మీరిద్దరూ అని. మా ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. రాత్రి అమ్మాయి నా కంచంలో అన్నం పెట్టి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, దాని వైపు నేను చెయ్యి చాపేదాకా అక్కడే నిలబడింది. తాగలేక లేచిపోయాను.

మే ఇరవై వచ్చింది. బిందె మొదటి వాటా ముందు నిలబడింది. ఇక దాని ముందు నల్లా తప్ప ఏమీ లేదు. వెనక మా ఏడు బిందెలు. ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు. నెత్తి మీద తడిగుడ్డ వేసుకునే స్తోమత కూడా లేక కొంగులు, తువ్వాళ్ళు, అట్టపెట్టెలు కప్పుకుని నిలబడ్డారు. రెండిళ్ళల్లో పొద్దుటి నుంచి పొయ్యి వెలగలేదు. పర్వతాలు కొడుక్కి వాంతులట, కాచి ఇవ్వడానికి నీళ్ళు లేవట.

మా ఇంట్లో క్యారియర్ అడుగు గిన్నెలో ఇంకా ఒక గ్లాసుడు నీళ్ళున్నాయి. అమ్మాయి వాటి మీద పళ్ళెం మూసి, పళ్ళెం మీద పచ్చడిబండ పెట్టి ఉంచింది.

రెండింటికి నల్లా బుసకొట్టింది. ఏసురత్నం గుంటలోకి దిగి, కట్టు తనదే కాబట్టి, ఆ బిందెని తనే ధార కింద పెట్టాడు. బొంగురు చప్పుడు మొదలైంది. ఏడిళ్ళ వాళ్ళం వింటూ నిలబడ్డాం. ఇరవై మంది ఉన్నాం, ఒక్కరు దగ్గలేదు. పది నిమిషాలకి ఆరో వాటా ముసలాయన నిండుతోంది నిండుతోంది అన్నాడు. నిండలేదు. ఇరవై నిమిషాలకి పర్వతాలు కూర్చుండిపోయింది. ధార బాగానే ఉంది. ఆ నెలలో ఎప్పుడూ లేనంత లావుగా ఉంది. అదంతా ఆ బిందెలోకి పోతోంది. అది అడుగు తడవడం తప్ప ఒక్క వేలు పైకి రావడం లేదు. బిందెని పక్కకి లాగెయ్యమని ఎవరో అన్నారు. ఏసురత్నం రెండు చేతులూ చాపాడు. చాపినవాడు చాపినట్టే ఆగి, వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడుచుకున్నాడు. ఖాళీది జరపొద్దని కట్టు పెట్టింది తనే.

రెండూ నలభై. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది.

అప్పుడు మా ఆవిడ కదిలింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను. పిల్ల, పిల్ల అన్నాను చెవిలో. విదిలించుకుంది. గుంటలోకి దిగి, ఖాళీ బిందెని రెండు చేతులా ఎత్తి, నిండు బిందెని మోసినట్టు చంకకి ఆనించుకుని నడిచింది. జకర్యా మాస్టారి గుమ్మం వైపు. వెనక అందరూ. ఏడాది తర్వాత ఆ గుమ్మం ముందుకి అందరం కలిసి వెళ్ళడం అదే.

తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల మీద కాంతమణి గారి ఫోటో, దాని ముందు తెరిచిన బైబిలు. సంవత్సరీకపు ప్రార్థనకి చాప పరిచి ఉంది. మాస్టారు కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూశారు. లెక్క తప్పు చేసిన పిల్లల్ని చూసినట్టు చూశారు. డోరా తెల్లచీరలో గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా డోరా" అంది మా ఆవిడ.  "ఈ బిందె ఆ రోజు నుంచీ మా ఇంట్లోనే ఉందమ్మా. మీ అమ్మగారి వంతు నీళ్ళు నేనే పట్టాను. మేమే తాగేశాం."

వెనక పర్వతాలు ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది. ఏసురత్నం నా వైపు తిరిగాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను నా కాలివేళ్ళు చూసుకున్నాను.

డోరా బిందె అందుకుంది. ఆకుపచ్చ తాడు తడిమింది. అంచు మీది చుక్కలు వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంటూ పేరంతా చదువుకుంది. లోపలికి వంగి చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. ఏడాదిగా ఎదురుచూస్తున్న సామాను పార్సిల్ ఆఫీసు నుంచి వచ్చినట్టు, సొట్టలేమన్నా కొత్తవి పడ్డాయా అని తిప్పి చూసుకుని, గడప లోపల పెట్టింది.

నల్లా బంద్ సంగతి ఏసురత్నానికి గుర్తున్నట్టు లేదు. భయపడ్డ మనిషి మొహం అది. దొంగలెవరన్నది తర్వాత చూసుకుందామన్నాడు. దొరికిన వస్తువు దొరికింది, ఇక ఇంట్లోనే పెట్టుకుని తాళం వేసుకోమని బతిమాలాడు. ఇళ్ళల్లో పిల్లలు ఎండిపోతున్నారన్నాడు. చర్చిలో పెద్దయ్యగారితో ప్రార్థన చేయిద్దాం, అందరం వస్తాం, తలా ఇంత వేసుకుని సమాధికి రాయి కట్టిద్దాం అన్నాడు. డోరా అన్నిటికీ అడ్డంగా తల ఊపింది. చివరికి అతనే గొంతు తగ్గించి అడిగాడు.

"మరి ఏం గావాలె బిడ్డా మీ అమ్మకు? ఏం చేస్తే పోతది?"

మా వంటింట్లోంచి అమ్మాయి చేతిలో పళ్ళెం కదిలిన చప్పుడు నాకు వినపడింది. మా ఆవిడకీ వినపడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

"మంచినీళ్ళు" అంది డోరా. "ఆ రోజు కూడా అవే అడిగింది. ఇప్పుడన్నా ఉన్నయా మీలో ఎవరింట్లనన్న, ఒక్క గ్లాసు?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు.